కుడి చెంప

మట్టెవాడ,
14-8-1977

తమ్ముడు మొగిలికి,

నీ ఉత్తరం చేరింది. భివండిలో వాననీళ్లు కార్ఖానాలోకి వచ్చి బట్ట నేసే సాంచాలు ఆగిపోయాయని రాశావు. ఇక్కడ వాన లేదు. మీ బావ పనిచేసే బట్టల దుకాణంలో గిరాకీ కూడా లేదు. ఆయనకు షుగర్ అని తేలింది. రెండు అరికాళ్లూ మండుతున్నాయని తడిబట్ట చుట్టుకొని పడుకుంటున్నాడు.

ఇక నా సంగతి. పోయిన నెల నుంచి కుడి చెంపలో నొప్పి. ముక్కు పక్కన మొదలై చెవి దాకా పోతుంది. కరెంటు తీగ ముట్టుకున్నట్టు ఉంటుంది. ఉండేది కొన్ని క్షణాలే. పోయిందనుకునే లోపల మళ్లీ వస్తుంది. చౌరస్తాలో పండ్ల డాక్టరుకు చూపించాను. పై దవడలో పన్ను పుచ్చిందని పీకి, నా చేతిలో పెట్టాడు. అది తెల్లగా, గట్టిగా ఉంది.

"గిది పుచ్చిందా సారూ?" అని అడిగాను.

"లోపట పుచ్చింది. నీకు కనబడదు" అన్నాడు.

నొప్పి మాత్రం పోలేదు. పుండు మానితే పోతుందట. ఎదురింటి మల్లక్క ఊరుకుంటుందా? "చిలుకా, పండ్లు పీకిచ్చుకుంట కూసుంటే జాంపండు ఎట్ల కొరుకుతవే?" అని గల్లీ అంతా నవ్వించింది. నేనూ నవ్వాను. నవ్వగానే నొప్పి లేచింది.

వర్ధన్నపేటకు పోయి అమ్మను చూడక నెల దాటింది. అత్తను ఒక్కతే చూసుకుంటున్నానని నీ పెండ్లాం యాకమ్మ అలిగి ఉంటుంది. ఆమెకు ఉత్తరం రాస్తే నా నొప్పి సంగతి కూడా రాయి. నా మేనకోడలు అరుణ ఈసారైనా లెక్కల్లో గట్టెక్కిందా?

మీ అక్క,
చిలుకమ్మ


భివండి,
5-9-1977

అక్కకు మొగిలి దండాలు.

పన్ను పోతే పోయింది, ఇంకా చాలా ఉన్నాయి. లవంగం నూరి పెట్టుకో.

నొప్పి అంటే నాది. సాంచాల ముందు నిలబడి నిలబడి నడుము పట్టింది. అక్కడి నుంచి ఎడమ తొడ వెనకగా, పిక్క మీదుగా పాదం దాకా గీత గీసినట్టు దిగుతుంది. దగ్గితే చాలు, ప్రాణం పోతుంది. ఇక్కడి డాక్టరు వెల్లకిలా పండబెట్టి కాలు పైకి లేపాడు. సగం లేపేసరికి అరిచాను. నడుములో నరం నలిగిందన్నాడు. నేను కుంటుతుంటే చూసి సేటు తానే స్టూలు వేయించాడు. కుంటేవాణ్ని ఎవరైనా నమ్ముతారు.

నీ నోరు నొస్తుందంటే నాకు నవ్వొచ్చింది. మేనత్త పోయిననాడు నీవు శోకం పెడితే డప్పులవాళ్లు డప్పు ఆపి విన్నారు. "చావు ఇంట్ల చిలుకమ్మ లేకపోతే చావు లెక్కనే ఉండదు" అని పోశయ్య పెద్దయ్య అనలేదా? ఆ నోటికే దిష్టి తగిలి ఉంటుంది. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేయించుకో.

అమ్మ నిన్ను అడుగుతున్నదట. జర పోయి చూసిరా.

మొగిలయ్య


మట్టెవాడ,
20-12-1977

మొగిలీ,

నాలుగు పండ్లు పోయాయి. అన్నీ కుడివైపువే, పైన రెండు, కింద రెండు. నొప్పి ఎక్కడున్నదో అక్కడే ఉంది. ఐదోది పీకి చూద్దామని డాక్టరు అంటున్నాడు.

నీవు నవ్వుతావని తెలిసినా ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. చెంపకు గాలి తగిలితే వస్తుంది. చన్నీళ్లు తగిలితే వస్తుంది. అన్నం నమిలితే, మాట్లాడితే వస్తుంది. ఎడమ చెంపకు ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా రాలేదు. నిద్రలో రాదు. నొప్పికి నొప్పికి మధ్య ఏమీ ఉండదు, మామూలు మనిషినే. అందుకే ఎవరూ నమ్మరు.

ముక్కుపుడక తగిలినా లేస్తున్నదని తీసేశాను. మా అత్త చూసి, "మొగడు బతికుండంగనే ముక్కు బోడి చేసుకున్నవా?" అని కూడు ముట్టలేదు. జవాబు చెప్పడానికి నోరు తెరవలేకపోయాను. పొగరుతో మాట్లాడటం లేదని అనుకుంది. ఉత్తరానికి నోటితో పని లేదు కాబట్టి నీకు రాస్తున్నాను.

మొన్న అమ్మ దగ్గరికి బయల్దేరాను. బస్సు కిటికీకి అద్దం లేదు. తలంతా కొంగు చుట్టుకున్నా చలిగాలి ఆగలేదు. మామునూరు దగ్గర దిగి, వెనక్కి వచ్చే బస్సు ఎక్కాను. అమ్మకు ఈ మాట చెప్పించు. నేను రాలేదని అనుకోవద్దు, సగం దాకా వచ్చానని చెప్పించు.

చిలుకమ్మ


భివండి,
26-3-1978

అక్కా,

పదో రోజు నీ ముఖం మీదనే అడుగుదామనుకున్నాను. చుట్టాల ముందు రచ్చ ఎందుకని ఊరుకొని ఇప్పుడు రాస్తున్నాను.

అమ్మ పోయిననాడు నేను రైల్లో ఉన్నాను. తలకొరివి చిన్నాయన కొడుకు పెట్టాడు. కొడుకు లేకపోయినా బిడ్డ ఉంది కదా అనుకున్నాను. ఆ బిడ్డ ఏం చేసిందో ఊరంతా చెప్పింది. ముఖానికి కొంగు కట్టుకొని వచ్చావట. గోడకు ఆనుకొని కూర్చున్నావట. ఒక్క శోకం పెట్టలేదట. "కడుపుల పుట్టిన బిడ్డనే ఏడుస్తలేదు, మనకేం పట్టింది" అని ఆడవాళ్లు కూడా ఆగిపోయారట. అడిగినవాళ్ల ఇళ్లలో, అడగనివాళ్ల ఇళ్లలో ఏడ్చి వచ్చినదానివి. నీ తల్లి మాత్రం చప్పుడు లేకుండా పోయింది.

యాకమ్మ నీ మెడ మీద పడి ఏడ్వబోతే రెండు చేతులతో నూకేశావట. ఆమె గడప మీద పడి మోచేయి పగిలింది. ఆ దెబ్బ నేను కళ్లతో చూశాను.

మూడో రోజు పిట్టకు కూడు పెట్టాం. పొద్దు నెత్తి మీదికి వచ్చినా కాకి దిగలేదు. "బిడ్డ ఏడ్వలే. ముసల్ది గందుకే ముడుతలేదు" అన్నాడు పోశయ్య పెద్దయ్య. చివరికి ఆవుకు పెట్టి వచ్చాం.

పదో రోజు నేను 'అక్కా' అంటే తల ఊపావు. అంతే. నాలుగు పండ్లు పోతే మనిషి మూగది అవుతుందా?

మొగిలయ్య


మట్టెవాడ,
9-4-1978

తమ్ముడు మొగిలికి,

నీవు రాసినవన్నీ జరిగాయి. ఎట్లా జరిగాయో నీవు రాయలేదు.

పొద్దున్నే కబురు వచ్చింది. మొదటి బస్సుకే బయల్దేరాను. ఈసారి మామునూరులో దిగలేదు. వర్ధన్నపేట చేరేసరికి నొప్పి మీద నొప్పి, గొలుసులాగా వస్తున్నది. అమ్మను చూసి నోరు తెరిచాను. సగం మాట వచ్చింది. మిగతా సగం దగ్గర దవడ బిగుసుకుపోయింది. ఇంకా రెండుసార్లు తెరిచి చూశాను. అప్పుడు పోయి గోడకు ఆనుకున్నాను.

ఏడుపు వచ్చింది. కన్నీటి చుక్క చెంప మీద జారినా నొప్పి లేస్తుంది. అందుకే జారకముందే కొంగుతో అద్దుకున్నాను. దాన్నే వాళ్లు ముఖానికి కొంగు కట్టుకోవడం అన్నారు.

యాకమ్మ వచ్చి మెడ మీద పడింది. ఆమె చెంప నా కుడి చెంపకు ఆనింది. ఆ తర్వాత నా చేతులు ఏం చేశాయో తెలియదు. ఆమె గడప మీద ఉన్నప్పుడు చూశాను. లేపబోతే చేయి విదిలించింది. ఆమె విదిలించడం తప్పు కాదు.

నీవు కుంటితే సేటు స్టూలు వేశాడు. నా చెంప మీద వాపు లేదు, ఎరుపు లేదు, గాయం లేదు. చూపించడానికి నా దగ్గర పీకిన పండ్లు తప్ప ఏమీ లేవు. నమ్ముతున్నానని ఒక్క ముక్క రాయి. అంతకంటే నాకేమీ వద్దు.

అక్క,
చిలుకమ్మ


భివండి,
2-5-1978

చిలుకమ్మకు,

తల్లి శవం ముందు నోరు తెరవనిదానికి పేజీలకు పేజీలు రాయడానికి మాత్రం ఓపిక ఉంది. నా ఇంటికి రాకు. రాసినా చదవను. తెలిసినవాళ్లందరూ చదవాలనే ఇది కార్డు మీద రాస్తున్నాను.

మొగిలయ్య


మట్టెవాడ,
18-1-1979

మొగిలీ,

చదవనన్నావు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇది మంచి వార్త. నీ కార్డును పోస్టుమాన్ వెంకటయ్య ముందు చదివి, తర్వాత నాకిచ్చాడు. ఇచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు. నీవు అనుకున్నట్టే గల్లీకి అందింది.

దసరా నాటికి ఏడు పండ్లు పోయాయి. పక్కింటి అనీస్ బేగం ఒకరోజు నన్ను లేవదీసింది. "పండ్లన్ని ఒడిసినంక ఇగ దవడ పీకుతడా గాయన? నడువ్ చిలుకక్కా, హన్మకొండల మా డాక్టర్ సాబ్ ఉన్నడు" అని రిక్షా ఎక్కించింది. ఆయన పేరు జహీరుద్దీన్. ముసలాయన.

"ఎక్కడ నొస్తాందో ఒక్క వేలు పెట్టి చూపియ్యమ్మా" అన్నాడు. వేలు తీసుకుపోయాను. చెంపకు కొంచెం దూరంలో ఆపాను.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పంటి నొప్పి ఉన్నోళ్లు చెంప గట్టిగ పట్టుకొని వస్తరు. నువ్వు చెయ్యి అడ్డం పెట్టుకొని వచ్చినవ్, ఎవ్వలు ముట్టకుంట" అన్నాడు. నిద్రలో వస్తుందా అని అడిగాడు. ఎడమ పక్కకు వస్తుందా, వస్తే క్షణాలు ఉంటుందా గంటలు ఉంటుందా అని అడిగాడు. నేను నీకు రాసినవే ఆయన అడుగుతున్నాడు. దూదిపింజ తీసి చెంప దగ్గరికి తెచ్చాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. "సరే, ముట్ట. సమజైంది" అని దూది పక్కన పెట్టాడు.

ముఖానికి పోయే నరం నొప్పి అట ఇది. పంటితో సంబంధం లేదు.

"మరి నా పండ్లు సాబ్?"

"అయి మంచి పండ్లేనమ్మా."



మీ బావ కాళ్ల సంగతి, నీ నడుము సంగతి కూడా అడిగి వచ్చాను. మీ బావది షుగర్‌తో నరాల చివర్లు చెడిపోవడం. అందుకే రెండు పాదాలకూ సమంగా, మేజోళ్లు తొడిగినట్టు మండుతుంది. నీది నడుము దగ్గర నరం నలగడం. అందుకే ఒక్క కాలికే, నరం పోయిన తొవ్వలోనే దిగుతుంది. అనీస్ బేగం తల్లికి సర్పి పొక్కులు మానినా ఆ చోట మంట ఉండిపోయింది. అదీ నరమేనట. నాది మాత్రం మెరుపులాగా వచ్చి మెరుపులాగా పోతుంది, ఒకే చెంపకు. అన్నీ నరాలే, కానీ ఏ నొప్పి ఎట్లా వస్తుందో అడగకుండా మందు ఇస్తే నాకు జరిగినట్టే జరుగుతుందన్నాడు.

గోలీలు ఇచ్చాడు. "ఇవే మూర్ఛ వచ్చేటోళ్లకు గూడ ఇస్తరు. నీకు మూర్ఛ లేదు, ఎవలన్న అంటె ఫికర్ చెయ్యకు. నరం జోరు తగ్గుతది. డాక్టర్‌కు చెప్పకుంట బంద్ పెట్టొద్దు" అన్నాడు. మొదట్లో మత్తుగా ఉండింది, గోడలు పట్టుకొని నడిచాను. వారం తిరగకముందే రెండు చేతులతో నీళ్లు తీసుకొని ముఖం కడుక్కున్నాను. మీ బావ వాకిట్లో నిలబడి చూశాడు. తువ్వాల అందించాడు.

అమ్మ సంవత్సరీకం దగ్గరికి వచ్చింది. ఇప్పుడు నోరు తెరవగలను. ఆ ఇంట్లో, అమ్మను పండబెట్టిన చోట కూర్చొని ఒక్కసారి ఏడ్చి వస్తాను. రమ్మను.

అక్క,
చిలుకమ్మ


భివండి,
10-2-1979

అక్కా,

చదివాను.

నరమో పన్నో నాకు తెలియదు. నీవు హన్మకొండలో మందు తింటున్నావని యాకమ్మకు తెలిసింది. మీ గల్లీవాళ్లతో ఆ గోలీ పేరు తెలుసుకొని మందుల దుకాణంలో అడిగించింది. "గిది మూర్ఛ గోలీ" అన్నాడట. నీవే రాశావు, మూర్ఛవాళ్లకు ఇస్తారని. ఊరికి ఎవరు నచ్చజెప్పాలి, నీవా నేనా?

అరుణకు మడికొండ సంబంధం వచ్చింది. పిల్లవాడు బడిపంతులు. వాళ్లు మూడు తరాల రోగాలు అడుగుతున్నారు. మేనత్తకు మూర్ఛ అంటే పొద్దుగూకకముందే లేచిపోతారు. నీవు రాకపోయినా అనుమానమే. "పిల్ల మేనత్త ఏది, ఎందుకు రాదు?" అని ఇప్పటికే అడిగారు. వచ్చే నెల పూలుపండ్లు తెచ్చి సంబంధం ఖాయం చేసుకుంటారు. నేనూ వస్తున్నాను. నీవు వారం ముందే వచ్చి ఇంట్లో ఉండు. అరుణ పక్కన మేనత్తగా కూర్చో.

గోలీలు మాత్రం తేవద్దు. ఇల్లంతా చుట్టాలుంటారు, ఎవరి కంటనైనా పడితే నా బిడ్డ బతుకు పోతుంది. వారం మింగకపోతే చస్తావా? అట్లా వస్తే పుట్టింటి తొవ్వ ఉంటుంది. లేకపోతే లేదు.

సంవత్సరీకం మేం చేసుకుంటాం. శుభం ముందు పెట్టుకొని ఇంట్లో ఏడుపులు వద్దు. ఏడ్వాల్సిననాడు ఏడ్వలేదు కదా, ఇప్పుడేం తొందర?

మొగిలయ్య


మట్టెవాడ,
22-2-1979

తమ్ముడు మొగిలికి,

వస్తాను. డాక్టర్ సాబ్ వద్దన్నాడు. మీ బావ కూడా వద్దన్నాడు. అయినా వస్తాను. అరుణను నడుము మీద ఎత్తుకొని తిప్పినదాన్ని.

నీవు చెప్పినట్టే గోలీలు తేను. ఒక్కటి నీవు చెయ్యాలి. మగపెళ్లివారి ఆడవాళ్లు గంధం పూస్తారు. కాళ్లకు, మెడకు పూస్తే పట్టుకోగలను. కుడి చెంప ముట్టవద్దని ముందే యాకమ్మకు చెప్పిపెట్టు. పంటి పుండు అని చెప్పమను. పన్ను అంటే అందరూ నమ్ముతారు.

చిలుకమ్మ


వర్ధన్నపేట,
27-3-1979

చిలుకమ్మకు,

మడికొండవాళ్లు పూలు, పండ్లు తిప్పి పంపారు. సంబంధం తప్పిపోయింది. అరుణ తలుపు వేసుకొని కూర్చుంది. నీకు సంతోషమేనా?

పిల్లవాని తల్లి ప్రేమతో గంధం పూయబోతే ఆమె చెయ్యి పట్టి విసిరికొట్టావు. నీ ముఖం ఒక పక్కకు గుంజుకుపోయింది. కళ్లు మూసి, పళ్లు బిగబట్టి గోడకు జారిపడ్డావు. కూర్చున్నవాళ్లందరూ లేచి నిలబడ్డారు. యాకమ్మ భయపడి ఉరికి, తాళపుచెవుల గుత్తి తెచ్చి నీ గుప్పిట్లో పెట్టింది. ఏ ఆడది ఉన్నా అదే చేస్తుంది. పిల్లవాని తల్లి ఆ గుత్తిని చూసి, "గీ రోగం ఎన్నేండ్ల సంది ఉన్నది?" అని అడిగింది. ఎవరి నోటా మాట రాలేదు. నీ నోటా రాలేదు.

కుడి చెంప సంగతి చెప్పమని రాశావు కదా అంటావేమో. పండుగ పూట ఆ మాట ఎత్తాలనిపించలేదు.

అమ్మను చప్పుడు లేకుండా పంపావు. నా బిడ్డను పెళ్లి లేకుండా చేశావు. మాకు నీవు చచ్చావు. ఈ ఇంట్లో నీ పేరు ఎత్తము.

మొగిలయ్య


మట్టెవాడ,
4-4-1979

మొగిలయ్యకు,

ఉత్తరం ఈరోజే అందింది. జవాబు ఈరోజే రాస్తున్నాను. ఇదే చివరిది.

ఆ రోజు నాకు స్పృహ ఉంది. అన్నీ విన్నాను. "పంటి పుండు" అని యాకమ్మ ఒక్క మాట అంటే వాళ్లు కూర్చునేవాళ్లు. కానీ ఆమె ఉరికి గుత్తి తెచ్చింది. ఇనుము చేతిలో పెట్టేది మూర్ఛ వచ్చినవాళ్లకని మడికొండవాళ్లకు తెలియదా? గోలీలు నేను మట్టెవాడలోనే వదిలి వచ్చాను. మూర్ఛ అనే మాటను ఆ ఇంట్లోకి తెచ్చింది నీ పెండ్లాం, నీ బిడ్డ పక్కన, నా గుప్పిట్లో. ఆమెకు చెప్పవలసినవాడివి నీవు. చెప్పాలనిపించలేదన్నావు.

గోలీలు మింగినన్నాళ్లు నాకు ఏమీ కాలేదు. నీవు ఆపమన్నావు, ఆపాను. ఆపిన మూడో నాడే నొప్పి మొదలైంది. నీ ఇంట్లో నాలుగు రోజులు గంజి తాగి, ఎవరితో మాట్లాడకుండా పని చేశాను. నేను తినడం లేదని నీవు అడగలేదు. "అత్తా, ఏమైందే?" అని అడిగింది అరుణ ఒక్కతే. దానికి జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు నీవు చెప్పు. మేనత్తది ముఖం నరమని, తన రక్తంలో ఏ రోగమూ లేదని చెప్పు. నా మీద దయతో వద్దు, దాని కోసం చెప్పు.

ఇంటికి తిరిగి వచ్చిననాడే గోలీలు మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు తగ్గింది. వెంకటయ్య ఉత్తరం ఇచ్చిపోయాక చదివి, మడిచి పెట్టి, ఇంటి నడుమ కూర్చున్నాను. నోరు తెరిచాను. పూర్తిగా తెరుచుకుంది.

"నన్ను గన్న అవ్వా... నీ ముంగట మూగదాన్నయితి అవ్వా... నీ కాకి దిగకపాయె, నీ కొడుకు నమ్మకపాయె... నా గొంతు ఇయ్యాల లేసింది, యాడున్నవే అవ్వా..."

ఇంకా చాలా పెట్టాను. ఏడు పండ్లు లేకపోయినా మాట పోలేదు. మల్లక్క వచ్చింది. పోస్టు పంచుతూ గల్లీ చివర దాకా పోయిన వెంకటయ్య వెనక్కి వచ్చాడు. వాకిలి నిండిపోయింది. చావు లేనిది ఇంట్లో శోకం పెట్టరు కదా. అందరూ మీ బావ కోసం చూశారు. ఆయన అరుగు మీదనే కూర్చొని ఉన్నాడు.

అనీస్ బేగం లోపలికి ఉరికి వచ్చింది. "యా అల్లా, ఎవరు పోయిండ్రు చిలుకక్కా?"

"నా తమ్ముడు" అన్నాను.

"మొగిలయ్యనా? ఎప్పుడు?"

"ఉత్తరం ఇయ్యాల్నే వచ్చింది."

మీ బావ విన్నాడు. కాదనలేదు.

అనీస్ బేగం నా మెడ మీద పడింది. తన చెంప నా కుడి చెంపకు ఆనించి ఏడ్చింది. నొప్పి లేవలేదు.

చిలుకమ్మ